రాయి పేరు చివర్న రాయండి: జియాలజీ ప్రాక్టికల్స్‌లో ఖనిజాన్ని, శిలను గుర్తుపట్టే పద్ధతి

ఫిజికల్ జియాలజీ ప్రాక్టికల్స్‌లో బల్ల మీద పది పన్నెండు రాళ్లు వరసగా పెడతారు. వాటిని చూడగానే చాలామంది రంగును బట్టి ఓ పేరు అనేసుకుంటారు. ఆ పేరుకు పుస్తకంలో ఏ లక్షణాలు ఉన్నాయో గుర్తు తెచ్చుకుని రికార్డులోకి దించేస్తారు. పేరు తప్పయితే కింద రాసిన లక్షణాలన్నీ తప్పే. పేరు తప్పైనా, చేతిలో ఉన్న రాయిలో నిజంగా కనిపించినవి రాసి ఉంటే కొన్ని మార్కులైనా దక్కేవి.

తెల్ల రంగునే తీసుకోండి. పలుగురాయి (క్వార్ట్జ్) తెల్లన, కాల్సైట్ తెల్లన, జిప్సం తెల్లన, ఫెల్డ్‌స్పార్‌లలో ఒకటైన ప్లాజియోక్లేజ్ తెల్లన, ముగ్గురాయి అని మనం పిలిచే బెరైటీస్ కూడా తెల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది. ఈ ఐదింటినీ ఒకే ట్రేలో పెడితే కంటితో తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. పరీక్షలు చేస్తే మాత్రం పది నిమిషాల్లో ఐదూ విడిపోతాయి. అందుకే పరీక్షల వరస ముందు, పేరు చివర్న.

దగ్గర ఉంచుకోవాల్సినవి

పది రెట్లు పెంచి చూపే చేతి లెన్స్, చిన్న అయస్కాంతం, ఒక పెన్‌నైఫ్, అంచులకు టేప్ వేసిన గాజు ముక్క, రెండంగుళాల రాగి తీగ, స్ట్రీక్ ప్లేటు (ఖనిజాన్ని రుద్ది పొడి రంగు చూసే, గ్లేజు లేని పింగాణీ పలక), డ్రాపర్ ఉన్న సీసాలో డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఓ కోణమానిని.

రాగి తీగ ఎందుకంటే, పాత పుస్తకాల్లో హార్డ్‌నెస్ (గట్టిదనం, 1 నుంచి 10 వరకు ఉండే మోస్ స్కేలు మీద) చూడటానికి ‘రాగి నాణెం’ అని ఉంటుంది. ఇప్పుడు మన జేబులో ఉండే రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటితో గీసి ‘3 కన్నా తక్కువ’ అని రాస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఇంటి వైరింగు తీగ తొడుగు వలిస్తే లోపలున్నది రాగే, దాని హార్డ్‌నెస్ సుమారు 3.

స్ట్రీక్ ప్లేటు దొరక్కపోతే పింగాణీ కప్పు అడుగున గ్లేజు లేకుండా గరుగ్గా ఉండే వలయం చూడండి, దాని మీద గీత బాగానే పడుతుంది. గ్లేజు మీద మాత్రం పడదు.

లెన్స్ కంటికి, రాయి లెన్స్‌కి

అందరూ లెన్స్‌ను రాయి మీద పెట్టి, తల దూరంగా ఉంచి చూస్తారు. అలా చూస్తే చిన్న చుక్కంత మేరే కనిపిస్తుంది. లెన్స్‌ను కనుబొమ్మకు దాదాపు ఆనించి పట్టుకోండి. రెండో చేత్తో రాయిని మెల్లగా దగ్గరికి తెండి. పది రెట్ల లెన్స్‌కు సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో రాయి స్పష్టంగా కనిపిస్తుంది. రెండు చేతులూ ఒకదానికొకటి ఆనితే వణుకు ఉండదు. కిటికీ వైపు తిరిగి నిలబడండి, మీ తల నీడ రాయి మీద పడకూడదు.

చూడాల్సింది తాజాగా పగిలిన ముఖం. ఎండకూ వానకూ ఉన్న పైపొర తుప్పు రంగులోకి మారుతుంది, మెత్తబడుతుంది. దాని మీద చేసిన ఏ పరీక్షకూ విలువ లేదు. బయట నుంచి తెచ్చిన రాయైతే అంచు మీద జియాలజీ సుత్తితో కొట్టి ఓ పెచ్చు లేపండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. వడ్రంగి సుత్తి వాడొద్దు, దాని మొహం నుంచే ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడే ప్రమాదం ఉంది.

మొదటి ప్రశ్న: లోహంలా మెరుస్తోందా?

లస్టర్, అంటే మెరుపు తీరు, దగ్గరే దారి రెండుగా చీలుతుంది. లోహపు మెరుపు ఉంటే తర్వాత చూడాల్సింది స్ట్రీక్. లేకపోతే హార్డ్‌నెస్, క్లీవేజ్ (చదునైన తలాల వెంట విరిగే గుణం).

స్ట్రీక్ అంటే ఖనిజం పొడి రంగు. రాయి ముక్క ఎలా కనిపించినా పొడి రంగు సాధారణంగా మారదు. హెమటైట్ కొన్నిచోట్ల నల్లగా ఉక్కులా తళతళలాడుతుంది, కొన్నిచోట్ల ఎర్ర జేగురులా ఉంటుంది. రెండింటి గీతా ఎర్రటి గోధుమ రంగే. మాగ్నటైట్ గీత నలుపు. గోథైట్, లిమొనైట్ గీత పసుపు కలిసిన గోధుమ. గెలీనాది సీసపు బూడిద. పైరైట్ బంగారంలా మెరిసినా గీత ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. చాల్కోపైరైట్ గీత కూడా దాదాపు అంతే కాబట్టి ఆ రెండింటి మధ్య తేడా కత్తితో తేల్చాలి: చాల్కోపైరైట్ మీద కత్తి గీత పడుతుంది, పైరైట్ మీద పడదు.

స్ట్రీక్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ప్లేటు హార్డ్‌నెస్ 7కి కాస్త అటూ ఇటూ. పలుగురాయి, గార్నెట్ లాంటివి రుద్దితే ప్లేటే అరుగుతుంది. ఆ తెల్లపొడి చూసి ‘స్ట్రీక్: తెలుపు’ అని రాసేస్తారు. వేలితో తుడిచి చూడండి, కింద గాడి కనిపిస్తే అది ప్లేటు పొడి. అప్పుడు ‘ప్లేటు కన్నా గట్టిది’ అని రాయడమే సరైన జవాబు. లోహపు మెరుపు లేని సిలికేట్లకు ఎలాగూ స్ట్రీక్ తెలుపో, రంగులేనిదో అవుతుంది. వాటి మీద టైమ్ పెట్టకండి.

మాగ్నటైట్ అనుమానం ఉంటే అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి రాయిని దాని పక్కకు తెండి. రాయిలో మాగ్నటైట్ కొద్దిగా ఉన్నా దారం పక్కకు లాగుతుంది. ఒంగోలు ప్రాంతపు మాగ్నటైట్ క్వార్ట్జైట్‌ను హెమటైట్ రకం నుంచి విడదీయడానికి ఇది చాలు.

హార్డ్‌నెస్: గీసింది ఎవరు, అరిగింది ఎవరు

మోస్ స్కేలు నోటికొచ్చే ఉంటుంది: టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఆర్థోక్లేజ్ 6, క్వార్ట్జ్ 7, టోపాజ్ 8, కొరండం 9, వజ్రం 10. ఇది కేవలం వరస. 10 అంటే 5కి రెట్టింపు గట్టిదని కాదు. గోరు దాదాపు రెండున్నర, రాగి 3, గాజూ మామూలు కత్తీ ఐదున్నర దరిదాపు.

గాజును చేతిలో పట్టుకుని గీయొద్దు, పగిలితే అరచేయి తెగుతుంది. బల్ల మీద పరిచి, రాయి మొనను దాని మీద ఒక్కసారి బలంగా లాగండి. పడ్డ గీతను తడివేలితో తుడవండి. గీత పోతే అది రాయి పొడి, అంటే రాయే మెత్తనిది. పోకుండా గోరుకు గాడి తగిలితే గాజు తెగినట్టు. ఈ తుడిచే పని మానేసినవాళ్లే కాల్సైట్‌ను క్వార్ట్జ్ అని రాస్తారు.

రేణువుల రాళ్ల దగ్గర ఇంకో చిక్కు. మెత్తటి ఇసుకరాయిని కత్తితో గీస్తే పొడి రాలుతుంది, అంతమాత్రాన రేణువులు మెత్తనివి కావు. వాటిని పట్టి ఉంచిన సిమెంటు మెత్తనిది. రాలిన ఇసుకను గాజు మీద రుద్దితే గీతలు పడతాయి. అలాగే మట్టిలా ఉండే హెమటైట్‌కు పుస్తకంలో ఉన్న 5.5 నుంచి 6.5 ఎప్పటికీ రాదు, వేలికే అంటుకుంటుంది. కయనైట్ అయితే ఒకే స్ఫటికంలో పొడుగు దిశలో కత్తితో గీతపడుతుంది, అడ్డంగా పడదు. నెల్లూరు, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చే నీలి పలకల్లాంటి కయనైట్‌కు ఈ గుణమే సంతకం.

క్లీవేజ్: ఒక ముఖం చూసి నమ్మొద్దు

స్ఫటికం పెరిగినప్పుడు ఏర్పడ్డ ముఖం వేరు, విరిగినప్పుడు వచ్చే క్లీవేజ్ తలం వేరు. షట్కోణపు క్వార్ట్జ్ స్ఫటికాన్ని చూసి ‘మంచి క్లీవేజ్ ఉంది’ అని రాయడం మొదటి ఏడాది పేపర్లలో మామూలే. క్వార్ట్జ్‌కు కంటికి కనిపించే క్లీవేజ్ లేదు. పగిలితే సీసా పెంకులా వంపు తిరిగిన గీతలతో పగులుతుంది. నిజమైన క్లీవేజ్ అయితే అదే దిశలో మెట్లు మెట్లుగా ఎన్నోసార్లు కనిపిస్తుంది. రాయిని ట్యూబులైటు కింద తిప్పండి. ఆ మెట్లన్నీ ఒకే క్షణంలో తళుక్కుమంటే అవి సమాంతర తలాలు, ఒక క్లీవేజ్ దిశ. ఇంకోవైపు తిప్పినప్పుడు మరో గుంపు మెరిస్తే రెండో దిశ.

కాకిబంగారం అని పిల్లలు ఏరుకునే అభ్రకానికి ఒకటే దిశ, పొరలు పొరలుగా ఊడుతుంది. ఫెల్డ్‌స్పార్‌కు రెండు, దాదాపు లంబకోణంలో. కాల్సైట్‌కు మూడు, కానీ లంబకోణంలో కాదు, ఒరిగిన అగ్గిపెట్టెలా. గెలీనాకు మూడూ లంబకోణంలో, అందుకే చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంది. నల్లగా ఉన్న ఆగైట్, హార్న్‌బ్లెండ్ మధ్య తేడా పూర్తిగా కోణంలోనే ఉంది. ఆగైట్‌కు 87, 93 డిగ్రీలు, హార్న్‌బ్లెండ్‌కు 56, 124. కోణమానిని పెట్టడానికి వీల్లేనంత చిన్న రేణువైతే పొడుగ్గా పుల్లలా మెరిసేది హార్న్‌బ్లెండ్ అనుకోవచ్చు, పొట్టిగా మందంగా ఉన్నది ఆగైట్. ఇది ఊహ మాత్రమే కాబట్టి రికార్డులో ‘కావచ్చు’ అని రాయండి.

బరువు: వంటింటి త్రాసుతో స్పెసిఫిక్ గ్రావిటీ

చేత్తో ఎత్తి చూసి ‘బరువుగా ఉంది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఒక డిజిటల్ వంటింటి త్రాసు, గ్లాసుడు నీళ్లు, దారం ఉంటే స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే రాయి అంతే పరిమాణం నీటికన్నా ఎన్ని రెట్లు బరువో, అంకెలో చెప్పొచ్చు.

ముందు రాయిని పొడిగా తూచండి. అది 216 గ్రాములు అనుకుందాం. ఇప్పుడు గ్లాసు నీళ్లను త్రాసు మీద పెట్టి సున్నా నొక్కండి. రాయికి దారం కట్టి, చేత్తో వేలాడదీసి, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించండి. అడుగుకు, పక్కలకు తగలకూడదు. త్రాసు చూపే అంకె రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. అది 48 అయితే 216ని 48తో భాగిస్తే 4.5. తెల్ల రాళ్లలో అంత బరువున్నది మీ ట్రేలో బెరైటీసే. అదే బరువున్న పలుగురాయి అయితే త్రాసు 81, 82 దగ్గర ఆగేది, జవాబు 2.65 వచ్చేది.

రాయి అడుగుకు తగిలితే దాని బరువు కూడా త్రాసు మీద పడి అంకె పెరుగుతుంది, జవాబు తగ్గిపోతుంది. గాలి బుడగలు అంటుకున్నా జవాబు తగ్గుతుంది. అందుకే ముందు రాయిని తడిపి, వేలితో రుద్ది దించండి. మరీ చిన్న ముక్క వాడొద్దు. ఒక గ్రాము తేడా చూపే త్రాసు మీద 20 గ్రాముల ముక్కకు నీటి బరువు 7 వస్తే 2.86, 8 వస్తే 2.5. ఆ మధ్యలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్ మూడూ ఉన్నాయి, ఏదని తేలుస్తారు? 150 గ్రాములు దాటిన ముక్క మంచిది.

రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట బెరైటీస్ బూడిద రంగులో, సన్నటి రేణువులతో, చూడ్డానికి సున్నపురాయిలా ఉంటుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురద లాంటి ద్రవంలో దాన్ని కలిపేది ఈ బరువు కోసమే. ట్రేలో మంగంపేట ముక్క, నాపరాయి ముక్క పక్కపక్కన పెడితే చెయ్యే ముందు చెబుతుంది, త్రాసు దాన్ని అంకెలో పెడుతుంది.

యాసిడ్ చుక్క

ఒక పాలు గాఢ యాసిడ్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు చాలు. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ఈ పని ల్యాబ్‌లో బాధ్యులే చేయాలి. బ్యాటరీ యాసిడ్ పనికిరాదు. అది సల్ఫ్యూరిక్. కాల్సైట్ మీద పడగానే జిప్సం పొర కట్టేసి పొంగు ఆగిపోతుంది, మీరేమో సున్నపురాయి కాదని రాస్తారు.

ఒక్క చుక్క వేయండి. కాల్సైట్, సున్నపురాయి, కడప నాపరాయి వెంటనే బుసబుసమని పొంగుతాయి. డోలమైట్ అలా పొంగదు. కత్తితో గీకి, ఆ పొడి మీద చుక్క వేసి లెన్స్‌తో చూడాలి, సన్నగా బుడగలు వస్తాయి. కడప జిల్లాలోని వేంపల్లె డోలమైట్‌తో ఇదే తంతు. అది, నార్జి నాపరాయి ఒకే జిల్లావి, రెండూ బూడిద రంగువి, పొడి చేయకుండా చూస్తే ఒకటి ‘రియాక్షన్ లేదు’ అని వెళ్లిపోతుంది.

యాసిడ్ మోసం చేసే సందర్భాలు రెండు. గుల్లగా ఉన్న రాయిలోకి ద్రవం దిగేటప్పుడు గాలి బుడగలు బయటికొస్తాయి. అవి నాలుగైదు వచ్చి ఆగిపోతాయి, పొంగు కాదు. రెండోది, ఇసుకరాయిలో సిమెంటు కాల్సైట్ అయితే రాయంతా పొంగినట్టు కనిపిస్తుంది. పొంగు ఆగాక తుడిచి చూస్తే ఇసుక రేణువులు అలాగే మిగిలి ఉంటాయి. దాన్ని సున్నపురాయి అనకూడదు.

ఇప్పుడు శిలలు

ఖనిజాలు చేతికొచ్చాక శిలలకు మొదటి ప్రశ్న ఒక్కటే: రేణువులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయా, లేక పక్కపక్కన చేరి ఏదో జిగురుతో అతుక్కున్నాయా? మొదటిదైతే అగ్నిశిల గానీ రూపాంతర శిల గానీ. రెండోదైతే అవక్షేప శిల.

గ్రానైట్‌తో మొదలుపెట్టండి, హైదరాబాద్ చుట్టూ ఎక్కడ చూసినా అదే. లెన్స్ కింద ఒక ముక్కను నెమ్మదిగా తిప్పండి. కొన్ని రేణువులు చిన్న అద్దాల్లా ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతాయి. అవి ఫెల్డ్‌స్పార్, గులాబీ రంగువైనా తెల్లవైనా. తిప్పినా తళుక్కుమనకుండా, నూనె రాసిన గాజులా బూడిదగా కనిపించేవి క్వార్ట్జ్. గులాబీ అంటే ఆర్థోక్లేజ్, తెలుపు అంటే ప్లాజియోక్లేజ్ అనే సూత్రం సగం సార్లే పనిచేస్తుంది. ప్లాజియోక్లేజ్ ఒక క్లీవేజ్ ముఖం మీద స్కేలుతో గీసినట్టు సన్నటి సరళ సమాంతర గీతలు ఉంటాయి, వాటిని చూడండి. వంకరగా, చీలికలుగా ఉన్న గీతలు ఆర్థోక్లేజ్ లాంటి పొటాష్ ఫెల్డ్‌స్పార్‌వి. నల్ల మచ్చను సూదితో గుచ్చితే రేకు లేస్తే బయోటైట్, లేవకుండా గట్టిగా ఉంటే హార్న్‌బ్లెండ్.

రేణువు పరిమాణం స్కేలు పెట్టి కొలవండి. 5 మిల్లీమీటర్లు దాటితే ముతక, 1 నుంచి 5 మధ్యరకం, 1 కన్నా తక్కువైతే సన్నం. గ్యాబ్రో, డోలరైట్, బసాల్ట్‌లలో ఖనిజాలు దాదాపు ఒకటే, తేడా చల్లబడిన వేగంలో ఉంది. హైదరాబాద్ గ్రానైట్‌ను కోసుకుంటూ పోయే నల్ల డైకులు (పగుళ్లలోకి దూరి గట్టిపడ్డ గోడల్లాంటి శిలలు) డోలరైట్. వికారాబాద్ వైపు దక్కన్ ట్రాప్స్ అనే పాత లావా పొరల బసాల్ట్‌లో గుల్లలు ఉంటే వాటిలో ఏం నిండిందో చూడండి. తెల్లగా ఉండి యాసిడ్‌కు పొంగితే కాల్సైట్, పొంగకుండా గాజును గీస్తే క్వార్ట్జ్ రకం, రెండూ కాకుండా పీచులా ఉంటే జియోలైట్ అనుకోవచ్చు.

వ్యాపారంలో గ్రానైట్ అంటే మెరుగు పట్టే గట్టిరాయి ఏదైనా కావచ్చు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే రాగి రంగు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ (ఆగైట్ కుటుంబపు ఖనిజం), రాయి గ్యాబ్రో కుటుంబానిది. షాపు పేరును రికార్డులోకి తేవద్దు.

ఇసుకరాయికీ క్వార్ట్జైట్‌కీ తేడా పగిలిన చోట ఉంది. ఇసుకరాయి రేణువుల చుట్టూ పగులుతుంది, ముఖం గరుకు కాగితంలా ఉంటుంది. క్వార్ట్జైట్ రేణువులనే చీల్చుకుంటూ పగులుతుంది, ముఖం పంచదార పాకంలా నునుపుగా మెరుస్తుంది. షేల్, స్లేట్‌లను బల్ల మీద తట్టి వినండి. షేల్ మొద్దుగా పలుకుతుంది, స్లేట్ కంగుమంటుంది.

ఇక విశాఖ రాయి. కైలాసగిరి, సింహాచలం కొండల ఖోండలైట్‌ను మొదటిసారి చూసినవాళ్లు ‘గోధుమ రంగు, గరుకు, ఇసుకరాయి’ అని రాస్తారు. అదే ముక్కకు రాయాల్సిన జవాబు ఇలా ఉంటుంది: ‘బయట తుప్పు రంగు, తాజా ముఖం బూడిద తెలుపు. రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. పట్టీలు ఒకే దిశలో. గాజును గీసే, క్లీవేజ్ లేని, ఎర్రటి గుండ్రటి రేణువులు, గార్నెట్. తెల్లటి పీచు పుల్లలు, సిలిమనైట్ కావచ్చు. నూనె మెరుపు రేణువులు, క్వార్ట్జ్. పిండిలా మారిన తెల్లభాగం, చివికిన ఫెల్డ్‌స్పార్. కాగితం మీద నల్లగీత వేసే రేకులు, గ్రాఫైట్. యాసిడ్‌కు పొంగలేదు. రూపాంతర శిల, ఖోండలైట్.’ ఇక్కడ పేరు రావడానికి కారణాలన్నీ పేజీ మీదే ఉన్నాయి. పక్కనే పెట్టే చార్నోకైట్ అనే మరో శిలలో పట్టీలు అంత స్పష్టంగా ఉండవు. రాయి మొత్తం జిడ్డుగా, నీలం ఆకుపచ్చ కలిసిన బూడిదగా ఉంటుంది, క్వార్ట్జ్ కూడా ఆ రంగే పట్టి ఉంటుంది. ఆ జిడ్డు తాజా ముఖంలోనే తెలుస్తుంది, చివికిన ముక్క ఇస్తే చార్నోకైట్ దొరకదు.

ఫీల్డులో తెచ్చుకునే ముక్క పది సెంటీమీటర్ల పొడవు, ఏడు వెడల్పు, మూడు మందం ఉంటే చాలు, ఒక ముఖం తాజాది కావాలి. దాని మీద అంకె మాత్రమే రాయండి, పేరు కాదు. స్థలం, లోతు, పొర వంపు నోట్‌బుక్‌లో అదే అంకె కింద. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైట్, నైస్ (పట్టీలున్న రూపాంతర శిల) మీద క్వార్ట్జైట్ పరుచుకున్న ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీని (రెండు శిలల మధ్య చాలా కాలపు ఖాళీని చూపే హద్దును) జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. అక్కడ సుత్తి బ్యాగులోనే ఉండాలి, స్కెచ్ వేసుకుని ఫొటో తీసుకోండి, పక్కన పెన్నో స్కేలో పెడితే పరిమాణం తెలుస్తుంది.

ల్యాబ్ ముక్కలకు కూడా హద్దులున్నాయి. గీత ఎప్పుడూ అడుగు ముఖం మూల మీద. యాసిడ్ వేసిన చోట నీళ్లతో కడిగి తుడవండి. వదిలేస్తే కాల్సైట్ ముఖం మెరుపు పోయి, తర్వాతి బ్యాచ్ దాని లస్టర్ ‘మట్టి’ అని రాస్తుంది. గుర్తుపట్టడానికి నాకి చూసే అలవాటు ఉప్పు వరకే పరిమితం, ట్రేలో సీసం ఉన్న గెలీనా కూడా ఉంటుంది.